వానబొమ్మల ఇల్లు

జర్మనీలోని బాంబెర్గ్ వెళ్ళిన గుర్తుగా మా అత్తగారికి వానబొమ్మలుండే చిన్న చెక్క ఇల్లు కొనబోయాను. ఎండకాస్తే ఆడబొమ్మ, వానొస్తే మగబొమ్మ బయటికొస్తుంది. చీకటి పడింది. ఎవరెత్తుకుపోతారోనని నా చూపంతా కొట్టు గుమ్మంలో నిలబడ్డ మా పాప వ్రోనీ మీదే.

"త్వరగా అమ్మా! కొట్టు తాతయ్య నిన్ను కూడా పొట్లం కట్టేస్తాడు," అంది.

నవ్వి, లోపలున్న ఆడబొమ్మని వేలితో బయటికి లాగాను.

"చేత్తో తిప్పకండమ్మా!" ముసలాయన మొహం పాలిపోయింది. "ఒకరు బయటికొస్తే ఇంకొకరు లోపలికి పోవాలి."

తలుపు గంట మోగింది. గుమ్మంలో వ్రోనీ లేదు. వీధిలోకి పరిగెత్తాను. మంచులో పిల్ల అడుగుజాడ ఒక్కటీ లేదు.

తిరిగొచ్చి, బొమ్మని లోపలికి నెట్టేశాను. మళ్ళీ గంట.

"అమ్మా," అని వెనకనుంచి పిలుపు.

గొంతు నా పిల్లదే. కానీ ముసలాయన నా భుజం మీదుగా చూస్తూ శిలువ గుర్తు వేసుకుంటున్నాడు. నేనింకా వెనక్కి తిరగలేదు.