ఒక్కదాని సగటు

"ఈ ఏడు నిన్ను పరీక్షకి పంపడం లేదు," అంది టీచరు, దిద్దిన కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేస్తూ.

తరగతిలో ఉన్న ఒకే ఒక్క పిల్ల లేచి నిలబడింది. మొదటి బెంచీలో ఆ పిల్ల కూర్చునే చోటు మాత్రం నున్నగా మెరుస్తోంది. వెనక బెంచీలన్నిటి మీదా దుమ్ము. ఏటి అవతల పెద్ద బడి కట్టాక పిల్లలంతా అటు వెళ్లిపోయారు. ఇక్కడ మిగిలింది ఆఖరి తరగతిలో ఈ పిల్ల, బడి పక్క గదిలోనే ఒంటరిగా ఉండే టీచరు.

"ఎన్నొచ్చాయి టీచర్?"

"ముప్పై తొమ్మిది."

"పోయినసారి ముప్పై ఎనిమిది కదా? ఒకటి పెరిగింది."

"ఇలా ఒక్కోటే పెరుగుతూ పోతే, నువ్వు పాసయ్యేసరికి నాకు పళ్లూడిపోతాయి."

కొత్త చట్టం ప్రకారం ప్రతి బడీ ఆఖరి పరీక్షలో తన పిల్లల సగటు మార్కు ఎంతో పై కార్యాలయానికి చెప్పాలి. గేటు దగ్గర బోర్డు మీద నలుగురికీ కనబడేలా రాయాలి. యాభైకి తగ్గితే బడి మూసేస్తారు. ఉన్నది ఒక్కతే కాబట్టి దాని మార్కే బడికి సగటు. అందుకే వీధిలో వాళ్లు ఆ పిల్ల పేరు మర్చిపోయి 'సగటు' అనడం మొదలుపెట్టారు. "ఏం సగటూ, లెక్కలు చేశావా?" అంటాడు కిరాణా కొట్టాయన. "సగటొచ్చింది, జరగండి జరగండి," అంటాడు బస్సు కండక్టరు. అందరూ నవ్వుతూ పలకరించేవాళ్లే. పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికే ఎవరూ లేరు.

"ఎక్కడ తప్పు చేశానో ఒక్కసారి చూపించండి టీచర్."

"చూపిస్తే జవాబులు బట్టీ పడతావు. సిద్ధంగా లేని పిల్లని ఆపమని చట్టమే చెప్పింది. ఇంకో ఏడాది చదువు. ఏం మునిగిపోయింది ఇప్పుడు?"

"నర్సు శిక్షణకి వచ్చే ఏడు నా వయసు దాటిపోతుంది టీచర్. ఇంక చేర్చుకోరు."

టీచరు "అన్నం తిన్నావా?" అని అడిగింది.

మర్నాడు పిల్ల వెంట తండ్రి కూడా వచ్చాడు. కోత మిల్లులో పని ఆయనది. చొక్కా నిండా రంపపు పొట్టు. లోపలికొస్తే గది పాడవుతుందని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"మా అమ్మాయిది మొద్దుబుర్రా టీచరుగారూ? ఉన్న మాట చెప్పండి, ఏమీ అనుకోను."

"మొద్దని కాదండీ. నిలకడ తక్కువ."

"ఇంట్లో నోరు తెరిస్తే పాఠమే. దాని గొడవ విని విని వాళ్లమ్మకి కూడా సూత్రాలన్నీ వచ్చేశాయి. కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోతోంది గానీ అవి మర్చిపోవడం లేదు."

పిల్ల తల దించుకుని నవ్వింది. టీచరు నవ్వలేదు.

"కన్నవాళ్లు రాయించమంటే ఆపకూడదని కూడా చట్టంలో ఉందటగా," అన్నాడు తండ్రి నెమ్మదిగా. "రాయనివ్వండి. తప్పితే నాతోపాటు మిల్లుకొస్తుంది. రాయకుండా ఆగిపోయాననే దిగులైనా ఉండదు దానికి."

టీచరు బల్ల మీంచి పరీక్ష దరఖాస్తు తీసి పిల్ల చేతికిచ్చింది.

"సగటు పడిపోతే నన్ననకండి," అంది చివరికి.

పరీక్ష ఏటి అవతల బడిలో పెట్టారు. హాలు నిండా పిల్లలు. అంతమంది దగ్గుతూ, పెన్నులు విదిలిస్తూ, కుర్చీలు జరుపుతూ ఉంటే ఆ పిల్లకి కాసేపు ప్రశ్న మీద చూపు నిలవలేదు. పక్కనమ్మాయి రబ్బరు ఇమ్మని సైగ చేస్తే, ఇచ్చేసి, తిరిగి తీసుకోవడం కూడా మర్చిపోయి సంతోషంగా రాసుకుంటూ పోయింది.

సాయంత్రం బస్సు దిగేసరికి స్టాపులో టీచరు నిలబడి ఉంది.

"ఎలా రాశావు?"

"మీరిచ్చే వాటికన్నా తేలిగ్గా ఉన్నాయి టీచర్."

"తేలిగ్గా ఉన్నాయనిపించిందంటే ఎక్కడో బోల్తా పడ్డావనే."

ఇద్దరూ బడి దాకా కలిసి నడిచారు. టీచరు గేటు తీసుకుని లోపలికి వెళ్లింది. పిల్ల ఇంటి దారి పట్టింది.

ఫలితాలొచ్చిన పొద్దున పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చేసరికి, టీచరు గేటు దగ్గర బోర్డుని తడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"ఎంత టీచర్?"

టీచరు గుడ్డ పిండి మళ్లీ బోర్డు మీద పెట్టింది.

"పర్లేదు, రాసెయ్యండి. ఏడవనులెండి."

టీచరు సుద్దముక్క తీసింది. తొమ్మిది వేసింది. ఆగింది. దాని పక్కన మూడు వేసింది.

"తిరగేసి రాశారు టీచర్. ముప్పై తొమ్మిదేమో చూడండి."

"లేదే. సరిగ్గానే రాశాను."

పిల్ల బోర్డుకి బాగా దగ్గరగా వెళ్లి ఆ రెండు అంకెల్నీ చూసింది. "బడి మూయరు కదా టీచర్!" అని చప్పట్లు కొట్టింది. అంతలోనే ఏదో తట్టి చేతులు దించేసింది.

"మరి మీరు దిద్దినప్పుడు ఒక్కసారి కూడా నలభై దాటలేదెందుకు?"

టీచరు సుద్దముక్కని అరచేతిలో నలుపుతూ, బోర్డు వైపే చూస్తూ అంది.

"దాటితే నువ్వు వెళ్లిపోతావు కదే."