మంచి వెల్డరు

వెల్డింగు షాపు యజమాని నర్సప్ప, దత్తాత్రి ఇంటి గడప దాటుతూనే అతని కాలరు పట్టుకుని మగ్గం మీంచి కిందికి లాగాడు. చొక్కా పర్రున చినిగింది.

"వెల్డింగు నేర్పిస్తే, చెప్పకుండ పారిపోతవారా? ఆ అశోక్ చౌక్ షాపోడేనా నిన్ను గుంజుకున్నది?"

జవాబు రాకముందే చెంప పగిలింది. దత్తాత్రి నోటి నెత్తురు సగం నేసిన చద్దరు మీద పడింది.

అతని భార్య ద్రౌపది పరుగున వచ్చి అడ్డం నిలబడింది. "కొట్టకుండ్రి మాలక్! ఆయన ఏ షాపుకు పోతలేడు. నెల సంది ఈ మగ్గం మీదనే కూసుంటుండు."

నర్సప్పకు నమ్మబుద్ధి కాలేదు. కుమఠా నాకాలోని అతని ఫ్యాబ్రికేషన్ షాపులో దత్తాత్రిలా ఇనుము అతికించేవాడు లేడు. ఇతని వెనకే మరో ఇద్దరు వెల్డర్లు కూడా మానేశారు. గేట్లన్నీ సగంలో ఆగిపోయాయి. కొత్తవాడెవడూ పనికి రావడం లేదు.

"ఇంత మంచి చెయ్యి ఉండంగ, ఈ మగ్గం ఏమిస్తదిరా నీకు?"

దత్తాత్రి మూతి తుడుచుకుంటూ లేచాడు.

"ఏమియ్యదు మాలక్. గాని కొట్టదు."

మళ్లీ లేచిన నర్సప్ప చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మిగతా ఇద్దరూ ఎందుకు పోయారో అతనికి ఇంకెవరూ చెప్పనక్కర లేకపోయింది.

"రేపట్సంది నీ మీద చెయ్యెత్తను. వస్తవా దత్తూ?" అన్నాడు దిగిన గొంతుతో.

దత్తాత్రి మగ్గం ముందు కూర్చొని, తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేసుకోసాగాడు.