తెలిసిన తేదీ

అమ్మ పోయిన మర్నాటి పేజీలో కూడా "సూప్ మొత్తం తాగింది, హుషారుగా ఉంది" అని రాసి, సంతకం పెట్టి ఉంది.

ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకి ఊరి కౌన్సిల్ పంపే ఆయాలు వచ్చినప్పుడల్లా రాయాల్సిన పుస్తకం అది. అమ్మ వంటింటి సొరుగు ఖాళీ చేస్తుంటే నిన్న దొరికింది. పొద్దున్నే తీసుకెళ్లి కౌన్సిల్ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్ మీద పడేశాను.

"వారం మొత్తానికీ ముందే ఒకేసారి రాసేసి పోయారు! రోజూ రాలేదు. మా అమ్మని కడుపు మాడ్చి చంపారు!"

కౌంటర్‌లో ఉన్న నోరీన్ పేజీలు తిప్పి చివరి తేదీ చూసింది.

"ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది కదమ్మా. ఫిర్యాదు ఏడాది లోపే ఇవ్వాలి."

"నాకు తెలిసిందే నిన్న!"

"అయితే ఇబ్బంది లేదు. మీకు తెలిసిన రోజు నుంచే ఏడాది లెక్క. ఇదిగో, ఈ గడిలో ఆ తేదీ వేయండి, చాలు."

'మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది?' అని ఉంది. పెన్ను తీసుకుని నిన్నటి తేదీలో మొదటి అంకె వేశాను.

అప్పుడు వినిపించింది అమ్మ గొంతు, పోయే ముందు ఆ రోజు ఫోన్‌లో విన్నట్టే.

"ఇవాళ కూడా ఎవరూ రాలేదే, డాఫ్నీ."

"వచ్చే ఉంటారమ్మా. నువ్వే మర్చిపోయుంటావు. పుస్తకంలో చూసుకో."

"చూశానే. సూప్ తాగానని రాసుంది. మరి ఆకలెందుకు వేస్తోంది?"

"తేదీ గుర్తు రావట్లేదా అమ్మా?" అంది నోరీన్.

"గుర్తుంది," అన్నాను. వేసిన అంకె కొట్టేసి, పద్నాలుగు నెలల కిందటి తేదీ వేశాను.