వెనక రెండు పెట్టెలు

రవికాంత్ రెండు కార్లనూ బయట ఎండలో పెట్టి, గరాజ్‌లో జపాన్ రైల్వే స్టేషన్ కట్టుకున్నాడు.

కలిపి వేసిన బల్లల మీద అట్ట ప్లాట్‌ఫాములు, సన్నటి పట్టాలు, వేలెడంత పెట్టెలున్న రైలు. ఆ ఊరి పేరు అతని తల్లి రాధారాణికి నోరు తిరగదు. జంక్షన్ అంటుంది, అంతే.

మొదట్లో అక్కడ ఒకటే ప్లాట్‌ఫాం, ఒక చెక్క టికెట్ గది ఉండేవట. కొండల్లోంచి కలప దింపడానికి పక్క లైను వేశాక జంక్షన్ అయింది. సత్రాలు వచ్చాయి, బజారు వచ్చింది, ఊరు దాని చుట్టూనే పెరిగింది. కలప అయిపోయాక కొండ లైను చిక్కిపోయింది. ఇప్పుడు పెద్ద రైలు అక్కడికొచ్చి రెండుగా విడిపోతుంది. ముందు పెట్టెలు సముద్రం వైపు, వెనక రెండు పెట్టెలు కొండల్లోకి. ఈ మధ్యే చెక్క గది పడగొట్టి, పట్టాల మీదుగా అద్దాల స్టేషన్ కట్టారు.

ఇదంతా రవికాంత్ ఇంటర్నెట్‌లో చదివి తల్లికి చెప్పాడు. కానీ అతనికి కావలసింది ఆ చరిత్ర కాదు. ఆ వెనక పెట్టెల్లోకి తన తండ్రి ఎలా వెళ్ళాడో కావాలి.

పోయిన డిసెంబరులో అతని భార్య జాహ్నవి అత్తమామల్నీ, కూతురు అనికనీ తీసుకుని జపాన్ వెళ్ళింది. అతనికి ఆఫీసులో సెలవు దొరకలేదు. జంక్షన్‌లో రైలు ఆగింది. పెట్టెలు ఊడదీయడం చూస్తానని అనిక పేచీ పెడితే జాహ్నవి దాన్ని కిందికి దింపింది. తిరిగి ఎక్కేసరికి అత్తగారి పక్క సీటు ఖాళీగా ఉంది.

"బాత్రూమ్‌కని లేచారు" అంది రాధారాణి.

రైలు కదిలాక వెతికారు. మామగారు కొండల్ రావు లేడు. మతిమరుపు జబ్బు మనిషి. కొండల్లో చివరి స్టేషన్‌లో దిగి, మంచులో నడుచుకుంటూ పోయాడు. మర్నాడు శవమై దొరికాడు.

చివరి రోజుల్లో ఆయన భార్యని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగేవాడు. అడుగుతూనే ఆమె ముంజేయి పట్టుకునేవాడు. నిద్రలో కూడా వదిలేవాడు కాదు. విడిపించుకోబోతే కొట్టేవాడు. ఆ దెబ్బల మచ్చలు రాధారాణికి ఇప్పుడిప్పుడే మాయమవుతున్నాయి.

శనివారం మధ్యాహ్నం రవికాంత్ తల్లినీ, భార్యనీ గరాజ్‌లోకి పిలిచాడు. రైలు విడిపోతుందని జాహ్నవి రాధారాణికి చెప్పలేదని తేలితే ఇక కలిసి ఉండనని అతను ముందే అనేశాడు.

"ఇదిగో బోర్డు. ఇంగ్లిష్‌లోనే ఉంది. చూడలేదా?" రవికాంత్ అట్ట ప్లాట్‌ఫాం మీద వేలు పెట్టాడు.

"చూశాను రవీ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు? రైలు రెండు ముక్కలవుతుందని తెలిస్తే నాన్నని సీట్లోంచి లేవనిచ్చేదా?"

"చెప్పాననే గుర్తు."

"గుర్తా? నీకంటే నాన్నే నయం."

జాహ్నవి అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, మీకు చెప్పాను కదా? లేకపోతే చెబుదామనుకుని అనికతో దిగిపోయానా? ప్లీజ్, కొంచెం ఆలోచించండి."

రాధారాణి ఆలోచించింది.

"ఏమోనమ్మా. చెప్పే ఉంటావులే. ఆ గోలలో నాకే వినబడలేదేమో."

"చూశావా? అమ్మ ఇంకా నిన్ను కవర్ చేస్తోంది" అన్నాడు రవికాంత్.

"పోనీలే నాన్నా" అంది రాధారాణి కొడుకుతో. "చిన్నపిల్ల. వీడియో తీసే హడావిడిలో మర్చిపోయి ఉంటుంది."

"వీడియో అనిక కోసం..." జాహ్నవి గరాజ్ మెట్టు మీద కూలబడింది. ఈ ప్రశ్న నెలల తరబడి విని విని ఆమెకి ఆ రోజు మొత్తం అలుక్కుపోయింది. "చెప్పలేదేమో రవీ. నాకు తెలీట్లేదు. చెప్పలేదేమో."

"చాలు. లాయర్‌తో మాట్లాడాను. అనిక ఇక్కడే ఉంటుంది."

"రవీ, అది నేను లేకుండా పడుకోదు."

"నాన్న కూడా అమ్మ లేకుండా పడుకునేవాడు కాదు."

ఆదివారం జాహ్నవి సూట్‌కేస్ తెచ్చి గుమ్మంలో పెట్టింది. శాంటా క్లారాలో అక్క దగ్గరికి విమానంలో వెళుతోంది. బయట ఊబర్ వచ్చి ఆగింది. వాళ్ళుండే ప్లేనోలో పాల ప్యాకెట్‌కైనా కారు తీయందే పని జరగదు. ఆమె కారు తాళాలు మాత్రం రవికాంత్ జేబులోనే ఉన్నాయి. అతను కిందికి రాలేదు.

ఆమె వంగి అత్తగారి కాళ్ళు పట్టుకుంది.

"నన్ను క్షమించండి అత్తయ్యా. మావయ్యని మీకు లేకుండా చేశాను."

"ఏడవకమ్మా. రాత అలా ఉంది. కూతుర్లాంటి దానివి, నీ మీద నాకేం కోపం?" రాధారాణి ఆమె తల నిమిరింది. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, వేడి గాలి కొడుతోంది."

అనిక పరిగెత్తుకొచ్చి తల్లి చున్నీ పట్టుకుంది. "మమ్మీ, నేను కూడా వస్తా. నా షూస్ వేసుకున్నా, చూడు."

పిల్ల మొహం చున్నీలో దాచుకుంది.

రాధారాణి వంగి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఆమెకి అలవాటున్న పనే.

కారు మలుపు తిరిగింది. అనిక వాకిట్లోనే నిలబడి ఏడుస్తుంటే, రాధారాణి దాన్ని ఎత్తుకుని లోపలికి తెచ్చి కార్టూన్లు పెట్టింది. అన్నం వండింది. చాలాకాలం తర్వాత కడుపునిండా తిని, సోఫాలో కాళ్ళు చాపుకుంది.

పెట్టెలు విడిపోతాయని జాహ్నవి ఆ రోజు రెండుసార్లు చెప్పింది. ఆమె పిల్లతో కిందికి దిగగానే రాధారాణి, కదలనని మొండికేసిన భర్తని బుజ్జగించి లేపి, నడిపించుకెళ్ళి, వెనక పెట్టెలో కూర్చోబెట్టి వచ్చింది.