మొలుచుకొచ్చిన బాబాయి

"మేడమ్, ఇంకో బాబాయి మొలిచాడు. కారిడార్లో కూర్చున్నాడు" అన్నాడు అసిస్టెంట్ తేసిక్, తలుపు సందులోంచి.

హ్యేరిమ్ కళ్ళు మూసుకుంది. పొద్దుటి నుంచి ఇంటర్వ్యూలు. కొరికి పక్కన పెట్టిన కింబాప్ ముక్క ఎండిపోయింది.

"ఎవరి తాలూకు?"

"సోదమ్ అనే అమ్మాయి. ఇప్పుడే ఇంటర్వ్యూ గదిలోకి, కమిటీ ముందుకు వెళ్ళింది. సమ్‌చొక్ అనాథాశ్రమం."

అనాథాశ్రమాల్లో పెరిగి, పద్దెనిమిదేళ్ళకు బయటికొచ్చే పిల్లల్ని చదివించే ఫౌండేషన్ ఆఫీసు అది. సహాయం మంజూరయ్యే వేళకు ఎక్కడెక్కడి చుట్టాలో బంధుత్వం గుర్తు తెచ్చుకుని వస్తారు. నిరుడు ఒక కుర్రాడి పిన్ని అలాగే వచ్చింది. ఫీజు డబ్బు పట్టుకుపోయింది. ఆ కుర్రాడిప్పుడు గిడ్డంగిలో మూటలు మోస్తున్నాడు. ఆ ఫైలు మీద సంతకం హ్యేరిమ్‌దే.

ఆమె లేచి కారిడార్లోకి నడిచింది.

యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన చొక్కా, కంపెనీ పేరున్న పాత జాకెట్టు. ఆమెను చూసి చటుక్కున లేచి వంగి నమస్కరించాడు.

"సోదమ్‌కి మీరేమవుతారు?"

"బాబాయ్ అని పిలుస్తుందండీ."

"పిలవడం సరే. తండ్రి తమ్ముడా?"

"కాదండీ."

"తల్లి వైపా?"

"కాదండీ."

"మరి?"

అతను నేల వైపు చూశాడు.

"ఏం చేస్తుంటారు?"

"టోఫు ఫ్యాక్టరీలో పనండీ." గొంతు తగ్గించాడు. "లోపల... వాళ్ళ నాన్న గురించి అడుగుతారాండీ?"

"అడిగితే?"

"అడగకపోతే బాగుంటుందని."

దొరికాడు, అనుకుంది హ్యేరిమ్. ఇలాంటివాళ్ళకు పిల్లలు నోరు విప్పడమే భయం.

"చూడండి, కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేదు. సూటిగా చెబుతాను. ఈ అమ్మాయి చుట్టూ బయటివాళ్ళు తిరుగుతున్నారని నేనొక్క మాట రాస్తే చాలు, సహాయం ఆగిపోతుంది. కాలేజీ ఉండదు. అది మీకిష్టమేనా?"

అతను రెండు చేతులూ జోడించాడు.

"వద్దండీ. ఫిజియోథెరపీలో సీటొచ్చింది. మళ్ళీ రాదు."

"అయితే వెళ్ళిపోండి."

"నేను కనబడకపోతే రాయరా?"

"రాయను."

"ఇవాళ ఒక్కరోజేనాండీ?"

"ఇకముందెప్పుడూ. ఫోన్లు కూడా కుదరవు. మాటివ్వండి."

అతను బేరమాడతాడని ఆమె అనుకుంది. చాలామంది అరుస్తారు. కొందరు ఏడుస్తారు. ఇతను మూసి ఉన్న ఇంటర్వ్యూ గది తలుపు వైపు తిరిగి, నడుం వంచి నమస్కరించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"మాటిస్తున్నానండీ" అన్నాడు. "అమ్మాయి పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. భయమేస్తే తినదు. కాస్త చూడండి."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"బాబాయి వాడిపోయాడా మేడమ్?" అన్నాడు తేసిక్.

"పని చూసుకో."

అలసట కాస్త దిగినట్టనిపించింది. ఈ ఏడు ఒక్కరినైనా కాపాడింది.

తలుపు తెరుచుకుంది. సోదమ్ నవ్వుతూ బయటికొచ్చింది. ఖాళీ కుర్చీ చూసి ఆగింది.

"మా బాబాయ్ ఏరండీ?"

"వెళ్ళిపోయాడు. నేనే పంపేశాను. ఇక నీ జోలికి రాడు."

"రాడా? ఆయనే అన్నారా?"

"మాటిచ్చాడు."

అమ్మాయి ఫోన్ తీసి చెవికి పెట్టుకుంది. దించింది. మళ్ళీ పెట్టుకుంది. తర్వాత అదే కుర్చీలో కూలబడింది.

"ఆయన మాటిస్తే తప్పరండీ" అంది చిన్నగా. "స్కూల్లో ఆటల పోటీలకి అందరి నాన్నలూ వస్తే, నాకు ఆయన వచ్చేవారు. ప్రతి ఏడూ వస్తానన్నారు, వచ్చారు. మొన్న స్కూలు చివరి రోజున పూలగుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు."

హ్యేరిమ్‌కి జాలి వేసింది. పిల్లల్ని ఎలా వల్లో వేసుకుంటారో ఆమెకు తెలుసు.

"చూడమ్మా, రక్తసంబంధం లేని మనిషి ఊరికే అంత చేస్తాడా? ఎందుకు చేస్తున్నాడని ఎప్పుడైనా అడిగావా?"

"అడిగానండీ. నాకు పదేళ్ళప్పుడు, ఆశ్రమం గేటు దగ్గర మొదటిసారి కనబడినప్పుడే అడిగాను."

"ఏమన్నాడు?"

సోదమ్ మెట్ల వైపు చూస్తూ చెప్పింది.

"జైలు నుంచి నేరుగా వస్తున్నానన్నారు, మా నాన్నని గుద్దిన లారీ నడిపింది తనేనన్నారు."