గుండుపిన్ను

"నిరోధ్ చినిగిందా? మీ ఆయనవి గోర్లా, కొడవండ్లానే?" దవాఖానలో నర్సమ్మ పకపకా నవ్వింది. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లూ నవ్వారు.

కనకవ్వ తల వంచుకుంది. "ఇంకో కాన్పయితే పానం దక్కదని మీరే అంటిరి గదమ్మా. ఏదన్న గోలీ ఇయ్యున్రి."

"మూడు రోజులల్ల వస్తే ఇద్దును. వారం దాటినంక గోలీ ఏం జేస్తదే? ఈసారన్న మంచిగ వాడుమను."

నర్సమ్మ కొత్త నిరోధ్ పొట్లం తీసి, ఎప్పటిలాగే కనకవ్వ కార్డుకు ఆనించి, నడిమధ్యన గుండుపిన్ను గుచ్చి ఇచ్చింది.

కనకవ్వ పిన్ను పీకి చూసింది. పొట్లానికి ఇటు నుంచి అటు దాకా తూటు.

"అమ్మా, చింపింది మా ఆయన గాదు. గీ పిన్నే..."

"పారేసుకోకుంట గుచ్చిన. జరుగు!"

వరుసలో కనకవ్వ వెనకాల నిలబడి, అందరికంటే గట్టిగా నవ్విన ఆమె అప్పటికే తన కార్డు చాపింది. దాని నిండా పాత పిన్నుల తూట్లు.