మెట్టెల పెట్టె

"లోపల పెట్టేది చూడకుంట నేను తోలు కొయ్య బాపు," అంది జ్యోతిరాణి, మెత్తటి స్వేడ్ తోలు ముక్క మీద కత్తెర ఆపి. "మెట్టెలు తీస్కరా. వాటికి సరిపోయేటట్టు పెట్టె కుట్టి ఇస్త."

రెంజల్ నుంచి బోధన్‌లోని ఆమె దుకాణానికి వచ్చిన ఆశన్న జేబులోంచి దారం ముక్క తీశాడు. దానికి రెండు ముడులున్నాయి.

"మా ఇంటామె పండుకున్నప్పుడు కొలిచిన బిడ్డా. మెట్టెలు ఆమె కాళ్లకే ఉన్నయి."

"కాళ్లకుంటే పెట్టెందుకు?"

ఆశన్న దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"డాక్టరు రెండు నెలలన్నడు. నేను పోయినంక పదోనాడు తీసేస్తరు గద. మా అవ్వ మెట్టెలు గోదారిల ఏసిండ్రు. మా ఇంటామె రుక్మవ్వ మెట్టెలన్న పైలంగ ఉండాలె."

జ్యోతిరాణి చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుంది. అప్పటికే ఆశన్న చూశాడు. ఆమె కాలివేళ్లు బోసిగా ఉన్నాయి.

"నేను కుట్టిన మొదటి పెట్టె నా మెట్టెలకే," అంది ఆమె. "మూడేండ్లయింది. ఇంతవరకు దాని మూత తియ్యలే."

దారం తిరిగి అతని చేతిలో పెట్టింది.

"మెట్టెలు తియ్యొద్దని చెప్పు బాపు. నీ అన్నదమ్ముల ముందట, ఆడోళ్లందరి ముందట, నువ్వే చెప్పు."

"మొగోడు గట్ల చెప్పొచ్చా?"

"మా ఆయనకు చెప్పే టైం దొరకలే."

ఆశన్న దారానికున్న ముడులు విప్పడం మొదలుపెట్టాడు.